సంతోషమ్మ చదివి వినిపించిన కాగితం

కిల్లో సంతోషమ్మను వాళ్ల ఊళ్లో అప్పటికే డాక్టరమ్మ అనేవారు. పెదబయలు మండలంలో తారురోడ్డు ఆగిపోయిన చోటు నుంచి గంటన్నర నడిస్తే ఆ ఊరు వస్తుంది. నలభై గడపలు, ఒక రేకుల చర్చి. డిగ్రీ దాటి చదివిన మొదటి మనిషి ఆమే. సెలవుకి ఇంటికొస్తే జ్వరం వచ్చిన పిల్లల్ని చంకనేసుకుని తల్లులు ఆమె గుమ్మం ముందు కూర్చునేవారు.

"నాను మనుసుల డాక్టర్ని కాదే. మట్టి డాక్టర్ని. అదీ ఇంకా అవలేదు," అని ఎన్నిసార్లు చెప్పినా వాళ్లకి ఎక్కేది కాదు.

"మట్టికీ రోగాలుంతాయేటి?" అని తల్లి సోములమ్మ నవ్వేది. సోములమ్మ సీజన్లో కాఫీ తోటల్లో పళ్లు ఏరేది, మిగతా రోజుల్లో సొంత చేలో చోడి, అంటే రాగి, వేసుకునేది. ఆమెకి బడి తెలియదు. కూతురు చేసే పనేమిటో మాత్రం అందరికన్నా ఆమెకే బాగా అర్థమైంది. కొండ వాలు మీద వానకి మట్టి ఎంత కొట్టుకుపోతోందో లెక్కగట్టడమే ఆ పని. కాఫీ మొక్కల కింద ఎంత పోతోంది, చోడి చేలో ఎంత పోతోంది, చెట్లు కొట్టేసిన బోడి కొండ మీద ఎంత పోతోంది. తన చేను ఏటేటా పలచబడడం కళ్లారా చూసిన మనిషికి ఇందులో తెలియనిదేముంది?

కింద పట్నంలో ఉన్న విశ్వవిద్యాలయం ఒకటి అరకు లోయలో ఒక పరిశోధన కేంద్రం నడుపుతోంది. సంతోషమ్మ అక్కడ పీహెచ్‌డీలో చేరి అయిదో ఏడు. ఆమెతో కలిపి తొమ్మిది మంది స్కాలర్లు అక్కడే ఉండేవారు. తెల్లారితే వానకొలత చూసి రాయాలి. కొండ మీద కొలతల కోసం హద్దు కట్టిన ప్లాట్లలో గుంటల్లోకి చేరిన నీళ్లు సీసాల్లో పట్టి తేవాలి, మట్టి ఆరబెట్టి జల్లెడ పట్టాలి. కిందనుంచి బీఎస్సీ పిల్లలు వస్తే ప్రాక్టికల్స్ చెప్పాలి, వాళ్ల పేపర్లు దిద్దాలి. ఎవరైనా పెద్దలు చూడడానికొస్తే గదులు ఊడ్పించాలి, ఊళ్లలోకి తీసుకెళ్లి వాళ్ల మాట వీళ్లకి, వీళ్ల మాట వాళ్లకి చెప్పాలి. కేంద్రానికి అధిపతి, ఆమెకి గైడు కూడా అయిన ప్రొఫెసర్ ఫణీంద్ర గారింట్లో ఫంక్షన్ జరిగితే పనసకాయలు కోసి జీపెక్కించింది కూడా స్కాలర్లే.

పని చెప్పేటప్పుడు ఫణీంద్ర గారు "మన స్టాఫ్" అనేవారు. ఎవరైనా సెలవడిగితే "స్టూడెంట్స్‌కి సెలవులేమిటమ్మా, చదువుకోండి" అనేవారు. ఇందులో తప్పు ఉందని సంతోషమ్మకి చాలాకాలం తోచలేదు. ఆయన చెడ్డ మాట అనరు, గొంతు పెంచరు. ఆయన సంతకం పడితే తాను డాక్టరవుతుంది. అంతవరకే ఆలోచించేది.

కనక వచ్చాక కొంచెం వేరుగా ఆలోచించడం మొదలైంది.

కనకది హుకుంపేట అవతల కొండ మీద ఊరు. ఇరవై నాలుగేళ్ల పిల్ల, మొదటి సంవత్సరం స్కాలరు. ఇద్దరి ఇళ్లల్లోనూ ఆదివాసీ ఒడియానే మాట. అందుకని వారం తిరగకుండానే అక్కాచెల్లెళ్లయిపోయారు. కనకకి నోరెక్కువ. "అక్కా, మనం ఆదివారం కూడా గుంటలు కొలుత్తన్నాం కదా, మరి ఆ సార్లకి ఆదివారం ఎందుకేటి?" అని అందరి ముందూ అడిగేసేది. సంతోషమ్మ ఆమె నోరు మూయించేది. కానీ ఆ ప్రశ్న తనలో మిగిలిపోయేది.

రెండు వేల ఇరవై నాలుగు జూలైలో మూడు రోజులు వదలకుండా వాన పట్టింది. పదిహేనో తేదీ సోమవారం. సోమవారం సోమవారం అన్ని ప్లాట్లలోనూ కొలతలు తీయాలి. నాలుగో ప్లాటు గెడ్డకి, అంటే కొండవాగుకి, అవతల ఉంది. ఆ వారం దాని వంతు సంతోషమ్మది. పొద్దున్నే ఫణీంద్ర గారు పట్నం నుంచి ఫోన్ చేశారు.

"బీఎస్సీ బ్యాచ్ బస్సు వచ్చేస్తోంది. క్లాసు నువ్వే తీసుకో, సంతోషమ్మా."

"సార్, ఇయ్యాల నాలుగో ప్లాటు నాదే సార్. గెడ్డ బాగా పొంగుతోంది. రేపు తీద్దామా?"

"రేపు తీస్తే అది రేపటి డేటా అవుతుంది. మధ్యలో గ్యాప్ వస్తే నీ ఇన్నేళ్ల పనీ పోతుంది, నా ప్రాజెక్టూ పోతుంది. ఎవరో ఒకర్ని పంపు."

ఆమె ఫోన్ పెట్టేసి వరండాలోకి వచ్చింది. కనక గొడుగు బాగుచేసుకుంటూ కనిపించింది.

"కనకా, నాలుగో ప్లాటు చూసి వచ్చేస్తావా? బేగి వచ్చేయ్."

"నువ్వు సెప్తే ఎల్లనా అక్కా?" అని సీసాల సంచీ భుజానికి తగిలించుకుని కనక వెళ్లిపోయింది.

పదకొండింటికి, సంతోషమ్మ బోర్డు మీద వాలు కోణం బొమ్మ గీసి చూపిస్తుండగా, అవతలి ఊరి రైతు ఒకడు తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డాడు. గెడ్డ దాటుతుంటే కనక కాలు జారింది. ప్రవాహం ఆమెను తీసుకుపోయి దిగువన బండలకి కొట్టింది. ఊరివాళ్లు దుప్పటిని కర్రకి కట్టి డోలీ చేసి, రోడ్డు దాకా మోసుకొస్తున్నారు. సంతోషమ్మ చేతిలో సుద్దముక్కతోనే పరుగెత్తింది. దుప్పటిలో కనక తెలివిలోనే ఉంది. "అక్కా, నా కాళ్లు ఎవరో పట్టుకున్నారా? తెలీట్లేదు," అంది. ఆమె కాళ్లని ఎవరూ పట్టుకోలేదు.

పట్నం పెద్దాసుపత్రిలో వెన్నెముక విరిగిందన్నారు. ఆపరేషన్ చేశారు. నడుం నుంచి కిందికి స్పర్శ తిరిగి రాదని పదో రోజున చెప్పారు.

విశ్వవిద్యాలయం ఒక విచారణ వేసింది. సంతోషమ్మ వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. సార్ ఫోన్ చేశారు, ఎవరో ఒకర్ని పంపమన్నారు, నేను కనకని పంపాను. ఫణీంద్ర గారు తాను బీఎస్సీ క్లాసు గురించి మాత్రమే ఫోన్ చేశానన్నారు. ఆ రోజు కనక పనిలో ఉన్నట్టు చూపించే రిజిస్టరు ఏదైనా ఉందా అని విచారణ చేసినవాళ్లు అడిగారు. స్కాలర్లకి హాజరు పట్టీ లేదు. డ్యూటీ చార్టు లేదు. ఎవరు ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలో అంతా నోటి మాటే. చివరికి రిపోర్టులో రెండు వాక్యాలు రాశారు. విద్యార్థిని అనుమతి లేకుండా వాగు దాటింది. ఆమె ఉద్యోగి కాదు గనక పని ప్రమాదం కింద ఏ బాధ్యతా విశ్వవిద్యాలయానికి లేదు.

ఆ రిపోర్టు చదివిన రోజు సాయంత్రం స్కాలర్లందరూ విత్తనాల గదిలో చేరారు. సాయినాథ్ అనే స్కాలరు, విజయనగరం వైపు రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు, మొదటిసారి ఆ మాటన్నాడు.

"మనం సంఘం పెట్టుకోవాలి. స్టూడెంట్స్ యూనియన్ కాదు. కార్మిక సంఘం. రిజిస్టర్ చేయించుకుంటే రేపు డ్యూటీ చార్టు అడగొచ్చు, ప్రమాదం జరిగితే నిలదీయొచ్చు."

"పీహెచ్‌డీ చేస్తూ మనం కార్మికులమేంటి?" అంది అనురాధ. ఆమె తండ్రి కింద తాలూకాలో స్కూలు హెడ్మాస్టరు. "మా ఇంట్లో ఏం చెప్పుకోను?"

ఎప్పుడూ వెనక కూర్చునే సంతోషమ్మ లేచింది.

"మా అమ్మ కాఫీ పళ్లు ఏరితే కూలి మనిషి. కేంద్రం తోటలో అవే పళ్లు నేను ఏరి, తూకం వేసి, రాస్తే విద్యార్థిని. అమ్మ తోటలో పడితే మేస్త్రీ అయినా వచ్చి చూస్తాడు. కనక కోసం ఎవరొచ్చారు?" అంది. "పంపింది నేను. కాయితం మీద మాత్రం ఎవరూ పంపలేదని ఉంది. ఇది నేను మొయ్యలేను."

దరఖాస్తుకి కనీసం ఏడుగురు కావాలి. ఆసుపత్రి మంచం మీదున్న కనకతో కలిపి సరిగ్గా ఏడుగురయ్యారు. అనురాధ కూడా సంతకం పెట్టింది. కనక వెల్లకిలా పడుకునే, సంతోషమ్మ పట్టుకున్న అట్ట మీద సంతకం చేసి, "మన సంగానికి పేరేటి అక్కా?" అని అడిగింది. "కొండ పరిశోధక కార్మికుల సంఘం," అని చెబితే రెండుసార్లు పలికి చూసుకుంది.

పట్నంలో కార్మిక శాఖ అధికారి కాగితాలు తిరగేసి కళ్లద్దాలు తీశాడు.

"మీరు ఫీజు కట్టి చదువుకుంటున్నారు కదమ్మా. కార్మికులెలా అవుతారు?"

"మాచేత పని చేయించుకుంటున్నారండి," అంది సంతోషమ్మ.

ఆయన ఏమనుకున్నాడో, తీసుకుని రసీదు ఇచ్చాడు. వాళ్లు లేవబోతుంటే మెల్లిగా చెప్పాడు. "పైనుంచి ఏం రాస్తారో నాకు తెలీదు. ఒకటి గుర్తుంచుకోండి. రిజిస్టర్ అయ్యేలోగా మీలో సగానికి మించి తప్పుకుంటే దరఖాస్తు చెల్లదు. అంటే ముగ్గురు పోయినా నిలబడుతుంది. నాలుగో మనిషి పోతే అయిపోయినట్టే."

నెల గడవకుండానే ముగ్గురు పోయారు. ఐజాక్‌కి సెమినార్ తేదీ ఎప్పుడిస్తారో చెప్పడం మానేశారు. అతను తప్పుకుంటున్నట్టు రాసిచ్చిన మర్నాడే తేదీ వచ్చింది. అనురాధ ఇంటికి ఎవరో ఫోన్ చేశారు, తండ్రి వచ్చి ఆమెను దగ్గరుండి ఆఫీసుకి తీసుకెళ్లాడు. మూడో అబ్బాయి ఎవరికీ చెప్పకుండా రాసిచ్చేసి, ఆ తర్వాత మెస్సులో వీళ్లున్న బల్ల దగ్గర కూర్చోవడం మానేశాడు. ఇక మిగిలింది నలుగురు. సంతోషమ్మ, సాయినాథ్, రత్నాలు అనే అమ్మాయి, కనక.

ఫణీంద్ర గారు సంతోషమ్మను తన గదికి పిలిచారు. బల్ల మీద ఆమె థీసిస్ ఉంది. అయిదేళ్ల వానలు, మట్టి, కొండలు అన్నీ ఆ మూడొందల పేజీల్లో ఉన్నాయి. ఆయన పెన్ను క్యాప్ తీసి పట్టుకున్నారు.

"ఇవాళే సంతకం పెట్టేస్తాను. మీ ఊరికి మొదటి డాక్టరువి నువ్వు. మీ అమ్మ సంతోషం చూడాలని నాకూ ఉంటుంది కదా. ఆ గొడవలోంచి బయటికి రా."

సంతోషమ్మ ఆ పెన్ను వంక చూసింది. పెట్టించుకుని వెళ్లిపోవాలని మనసు ఎంత లాగిందో తర్వాత తానే చెప్పింది. "సార్, ఆ రోజు ఎవర్నో ఒకర్ని పంపమన్నారని ఒక్క కాగితం మీద రాయండి సార్. నేను బయటికొచ్చేస్తాను," అంది.

ఆయన పెన్నుకి క్యాప్ పెట్టేశారు.

ఆ వారమే విశ్వవిద్యాలయం నుంచి సర్వేశ్వరరావు అనే అధికారి ఆసుపత్రికి వెళ్లాడు. కనక అప్పటికి మూడు నెలలుగా అదే మంచం మీద ఉంది. తండ్రి మంగ్లు రాత్రీ పగలూ రెండేసి గంటలకోసారి ఆమెను ఒత్తిగిల్లబెడుతున్నా వీపు మీద పుండ్లు పడ్డాయి. ఒకటి ఎముక దాకా దిగింది. వెన్ను విరిగినవాళ్లకి పుండ్లు మాన్పి, కూర్చోవడం, కుర్చీలోకి మారడం నేర్పే ఆసుపత్రి పట్నంలోనే వేరే ఉంది. అక్కడ మంచం దొరకడం కష్టం. సర్వేశ్వరరావు ఆ మంచం ఇప్పిస్తానని ఒక కాగితం తెచ్చాడు. మంగ్లుకి తెలుగు అంతంతమాత్రం. బాధలో ఉన్న కూతురు తొందరపడి సంతకం పెట్టేస్తుందని అతని భయం. "సంతోసమ్మని పిలిపించండి. ఆ గుంట సదివి సెప్తే ఏలిముద్ర ఏత్తాను," అన్నాడు.

అలా ఆమెకి కబురొచ్చింది. వార్డులోకి వెళ్లేసరికి సర్వేశ్వరరావు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మర్యాదగా లేచాడు.

"చూడమ్మా, ఇది విశ్వవిద్యాలయం మానవతా దృక్పథంతో చేస్తున్నది. హక్కని కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుంది. అక్కడ మంచం శుక్రవారం దాకానే ఖాళీగా ఉంటుంది. ఆలోచించుకోండి."

మంగ్లు మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు. సంతోషమ్మ ఒక్కో వాక్యమూ వాళ్ల భాషలోకి మార్చి చెప్పడం మొదలుపెట్టింది. నేను పరిశోధక విద్యార్థినిని మాత్రమే. జూలై పదిహేనున నాలుగో ప్లాటుకి నన్ను ఎవరూ పంపలేదు. ఆసక్తి కొద్దీ నా అంతట నేనే వెళ్లాను. సంఘం దరఖాస్తు మీద ఉన్న నా సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. నాకు ఇస్తున్న సహాయాన్ని దయగా స్వీకరిస్తున్నాను.

"అక్కా," అంది కనక, తల తిప్పకుండానే. కాగితాన్ని ముందే ఆమె చదివింది. "మద్దిన ఒక లైను ఒగ్గేసినావు."

సంతోషమ్మ వేలు ఆ లైను మీదే ఆగింది.

"సదువు. అయ్యకి తెలియాలి."

ఆమె చదివింది. నేను ఎక్కడా ఎవరి దగ్గరా ఏ పనీ చేయలేదు.

మంగ్లు తనకొచ్చిన తెలుగులో సర్వేశ్వరరావునే అడిగాడు. "పని సెయ్యలేదా బాబూ? మరి ఆ వానలో నా గుంట గెడ్డ దాటి ఏటి సెయ్యడానికి ఎల్లింది?"

సర్వేశ్వరరావు గడియారం చూసుకున్నాడు.

"నువ్వు సెప్పక్కా," అంది కనక. "నాను ఎల్లిపోతే నాలుగో మనిసిని. సంగం పోతాది. నువ్వు వద్దంటే పెట్టను."

వీపు పుండు వాసన మందుల వాసనని దాటి వస్తోంది. సంతోషమ్మకి విత్తనాల గది గుర్తొచ్చింది, తన నోటితో అన్న మాటలు గుర్తొచ్చాయి. సాయినాథ్‌కి ఫోన్ చేయాలనుకుంది. చేస్తే అతను ఏమన్నా ఈ పుండు మానదు. ఆమె తన చేతి సంచీలోంచి పెన్ను తీసి కనక వేళ్ల మధ్య పెట్టింది.

"పెట్టెయ్యి," అంది.

కనక పెట్టింది. మంగ్లు వేలిముద్ర వేశాడు. సర్వేశ్వరరావు కాగితం మడవబోయి ఆగాడు. "సాక్షి ఒకరుంటే మంచిది. నువ్వు చదివి వినిపించావు కదమ్మా, నువ్వే పెట్టు."

ఎవరూ పంపలేదన్న కాగితం కింద, పంపిన మనిషే సాక్షి సంతకం చేసింది.

ఆ రోజు మెట్లు దిగి ఆసుపత్రి బయట బడ్డీ పక్కన కూర్చుని ఆమె గంటసేపు ఏడ్చింది. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. సాయినాథ్‌కి విషయం మర్నాడు తెలిసింది.

"ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది కదా!" అని అరిచాడు. "ఇంకో రెండు వారాలు ఆగి ఉంటే!"

"ఆ రెండు వారాలు ఆమె వీపు మీద నువ్వు పడుకుంటావా?" అంది సంతోషమ్మ. అన్నందుకు వెంటనే బాధపడింది. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. అయినా ఆ తర్వాత వాళ్లు మునుపటిలా మాట్లాడుకోలేదు. రెండు నెలలకి అతను చదువు వదిలేసి వేరే రాష్ట్రం వెళ్లిపోయాడు.

దరఖాస్తు తిరస్కరించినట్టు కార్మిక శాఖ నుంచి నాలుగు లైన్ల ఉత్తరం వచ్చింది. వాళ్లు కార్మికులా కాదా అనే ప్రశ్నకి ఆ ఉత్తరంలో జవాబు లేదు. కావలసినంత మంది సభ్యులు లేరని మాత్రమే ఉంది. ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఫణీంద్ర గారు థీసిస్ వెనక్కి పంపారు. నాలుగో ప్లాటులో జూలై మూడో వారం కొలత లేదు కాబట్టి మరో రెండు వర్షాకాలాల డేటా తెమ్మని పెన్సిల్‌తో రాశారు. ఆ మాట చదివి సంతోషమ్మ గదిలో ఒక్కతే నవ్వింది, తర్వాత భయపడి నోరు మూసుకుంది. ఆమె గడువులో రెండు వర్షాకాలాలు లేవు. గైడుని మార్చమని పెట్టుకున్న అర్జీకి జవాబు రాలేదు. మరుసటి మార్చిలో పెట్టె సర్దుకుని బస్సెక్కింది.

ఇప్పుడు ఆమె హుకుంపేట దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో కాంట్రాక్టు మీద సైన్సు చెబుతోంది. ఊరికెళ్తే ఇంకా డాక్టరమ్మా అనే పిలుస్తారు. అవలేదని చెప్పే ఓపిక ఆమెకి లేదు. సోములమ్మ ఒక్కతే ఆ పిలుపు వినపడినప్పుడు లేచి లోపలికి వెళ్లిపోతుంది. కేంద్రంలో కొత్తగా చేరేవాళ్లచేత మొదటి రోజే ఒక ఫారం మీద సంతకం తీసుకుంటున్నారని రత్నాలు చెప్పింది. ఎక్కడికి వెళ్లినా ఇష్టపూర్వకంగానే వెళ్తున్నామని దాంట్లో ఉందట.

కనకకి పుండ్లు మానాయి. కూర్చోవడం వచ్చింది, చక్రాల కుర్చీ వచ్చింది. కానీ ఇంటి నుంచి రోడ్డు దాకా ఏటవాలు బాట, మధ్యలో రాళ్లు. కుర్చీ గుమ్మం దాటలేదు. అందుకని సంతోషమ్మ ఆదివారం చర్చి అయ్యాక అక్కడికి వెళ్లి మంగ్లుతో కలిసి బాట చెక్కుతోంది. మట్టి ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారుతుందో ఆమెకి తెలుసు. వాలుకి అడ్డంగా మలుపులు తిప్పుతూ, అంచుకి రాళ్లు పేరుస్తూ తవ్వుతారు. కిందటి వానాకాలం సగం బాట కొట్టుకుపోయింది. మళ్లీ మొదలుపెట్టారు.

మొన్న ఒక ఆదివారం కనక అరుగు మీద కూర్చుని చూస్తూ అంది. "అక్కా, నా వల్లే కదా నీ సదువు పోనాది."

కాదని చెప్పాలని సంతోషమ్మకి తెలుసు. "నా వల్లే కదే నీ కాళ్లు పోనాయి" అన్న మాట నోటిదాకా వచ్చింది. రెండు మాటల్లో ఏ ఒక్కటీ అనలేకపోయింది. కొంగుతో మొహం తుడుచుకుని, గడ్డపార అందుకుని, మంగ్లు కదపలేకపోతున్న బండ కిందికి దాన్ని దించింది.